ఒక ఇంటికి ఒక లైను

చిత్తూరులో మా మొహల్లా మస్జిద్ చందా రిజిస్టర్ ఒక పొడుగాటి నోటుబుక్కు. ఒక ఇంటికి ఒక లైను. ఎడమవైపు ఇంటి పెద్ద పేరు, కుడివైపు పన్నెండు నెలల గళ్లు. రంజాన్‌లో ఫిత్రా, జకాత్ పంచేటప్పుడు కూడా ఈ పుస్తకమే ముందరేసుకుంటారు.

మా ఆపా కూతురు తిరుపతిలో బీసీఏ చదువుతోంది. డేటాబేస్ ప్రాజెక్టుకు ఈ రిజిస్టర్‌నే తీసుకుంది. కంప్యూటర్ ఇల్మ్ నాకు లేదు. అఖ్బార్ పనిలో తిరిగేవాణ్ణి, మొహల్లాలో అందరూ తెలుసు గనక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

మొదట పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఒకే టేబుల్‌గా దించింది. మరి వచ్చే ఏడాదికి ఇంకో పన్నెండు గళ్లా? అందుకని వసూలును వేరే టేబుల్ చేసింది: రసీదు నంబరు, తారీఖు, రక్కమ్, ఇచ్చినదెవరు.

ఆ 'ఎవరు' దగ్గర చిక్కొచ్చింది. షేక్ ఇంటిపేరుతో, ఒకే పేరున్నవాళ్లు మా దగ్గర ముగ్గురు. ఒకాయన ఆధార్‌లో షేక్, రేషన్ కార్డులో షైక్. పేరును నమ్ముకుంటే హిసాబ్ తప్పుతుంది. అందుకే ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు మారినా అది మారదు. దాన్నే ప్రైమరీ కీ అంటారు.

"మామూ, ఇంటి పెద్ద ఇంతికాల్ అయితే?"

"లైను కొట్టేసి కొడుకు పేరు రాస్తారు బేటీ."

"కొడుకు లేకపోతే?"

పేజీలు తిరగేశాం. కొట్టేసిన లైన్లున్నాయి. వాటి కింద ఏమీ లేదు. అట్లాంటి ఒక ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే ఖాలా ఉంది. షౌహర్ బతికున్నప్పుడూ ఆమె పేరు పుస్తకంలో లేదు, ఇప్పుడూ లేదు. ఫిత్రా పంచే రోజు ఎవరికైనా యాదొస్తే ఆమెకు అందుతుంది, లేకుంటే లేదు. ముతవల్లీ సాబ్ నేక్ మనిషి. కసూర్ ఆయనది కాదు, ఆ గళ్లది.

1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఈ రిలేషనల్ పద్ధతిని రాశాడు. రిలేషన్ అంటే రిష్తా అనుకున్నాను. కాదట, గణితంలోని మాట, టేబుల్‌కే ఆ పేరు. ఒక సంగతిని నాలుగుచోట్ల తిప్పి రాయకుండా ఒకేచోట రాయాలి, మిగతా చోట్ల దాని నంబరు చాలు.

ఆ లెక్కన బేటీ ఐదు టేబుళ్లు వేసింది. ఖాందాన్, అఫ్రాద్, నికా, వసూలు, మదద్. మర్దైనా ఔరత్ అయినా, బిడ్డయినా అఫ్రాద్‌లో ఎవరి లైను వాళ్లదే. నికా టేబుల్‌లో ఇద్దరి నంబర్లు, మొదలైన తారీఖు, ముగిసిన తారీఖు, ఎట్లా ముగిసిందీ. షౌహర్ పోతే నికా లైనుకు ముగిసిన తారీఖు పడుతుంది. ఆమె లైను ఆమెకే ఉంటుంది. ఈ రంజాన్‌లో మదద్ అందని బేవాలెవరు అని అడిగితే కంప్యూటర్ పేర్లు తీసిస్తుంది. మదద్ టేబుల్ మాత్రం అందరికీ కనిపించకుండా పెట్టింది. తీసుకునేవాళ్ల ఇజ్జత్ కూడా చూడాలి కదా.

పేరు రాసుకోవడానికి ఖాలా ఇంటికి పోయాం. "నా పేరా, ఆయన పేరా?" అని అడిగింది. "మీదే ఖాలా" అంటే, కుట్టుపని పక్కన పెట్టి, తన పేరూ అబ్బా పేరూ నిదానంగా చెప్పింది.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ బఖరా 282. అప్పును గవాహీతో, ఇన్సాఫ్‌గా రాసిపెట్టుకోవడం గురించి. రాత విషయంలో అంత తాకీదు ఉన్న దీన్ మనది.

మస్జిద్ హిసాబ్ కంప్యూటర్‌కు ఎక్కించే బిడ్డలకు నాదొక గుజారిష్. పాత గళ్లు దించుకోవద్దు. ముందు ఇంటింటికీ పోయి లోపల ఎవరెవరున్నారో పేరుపేరునా అడగండి, టేబుల్ తర్వాత గీయొచ్చు. మా బేటీ ప్రాజెక్టు కాలేజీలో ఇచ్చేసింది. జమాత్ ముందర పెట్టే పని ఇంకా ఉంది, ఇన్‌షా అల్లాహ్ రంజాన్‌లోపు.