రూర్కెలాలో వేసవి – పూరీలో నాలుగు రోజులు

ఉద్యోగరీత్యా స్వరాష్ట్రానికి దూరంగా కాపురముండే మనవంటి కుటుంబాలకు వేసవి సెలవులంటే ఒకటే అర్థం: ఊరికి వెళ్ళడం. పిల్లల పరీక్షలు ముగియకముందే రైలు రిజర్వేషన్లు, అల్మారాపై నుంచి దిగే పెట్టెలు, అత్తగారికొక చీర, మామగారికొక ధోవతి. మేమూ పదేళ్ళుగా ఈ విధంగానే వేసవి గడుపుతూ వచ్చాము. రూర్కెలాలో బయలుదేరి, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషనులో దిగి, వంశధార ఒడ్డున ఉన్న మా పల్లెకు చేరేవాళ్ళము. తాతగారి చేయి పట్టుకొని పిల్లలు మామిడితోటకు వెళ్ళడంతో మాకు సెలవులు ప్రారంభమయ్యేవి.

ఈ సంవత్సరం ఆ ప్రయాణం లేదు. నిరుడు వర్షాకాలంలో నాన్నగారు స్వర్గస్థులయ్యారు. ఊళ్ళోని ఇంటికి తాళం వేసి, అమ్మగారిని మా క్వార్టర్‌కు తీసుకొని వచ్చాము. ఒక ఇనుప ట్రంకు పెట్టె, రెండు జాడీలు, ఒక రుబ్బురోలు పొత్రం ఆమెతో వచ్చాయి. రోలు అక్కడే ఉండిపోయింది. ఒంటరి పొత్రం ఎందుకని మేమడిగితే ఆమె సమాధానం చెప్పలేదు.

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నవాడికి అయిదు. పెద్దమ్మాయికి బడిలో సెలవుల పని ఇచ్చారు. అందులో ఒకటి ‘మా ఊరు’ అన్న విషయంపై పది వాక్యాలు వ్రాయడం. ఒకనాటి మధ్యాహ్నం పుస్తకం ముందు పెట్టుకొని, “మన ఊరు ఏది?” అని మమ్మల్ని అడిగింది. రూర్కెలా అని మాలో ఒకరం, పల్లె పేరు మరొకరం ఒక్కసారే చెప్పాము. “అక్కడ మన ఇంటికి తాళం ఉంది కదా!” అన్నది పిల్ల. ప్రక్క గదిలో పడుకొని ఉన్న అమ్మగారు ఆ మాట వినే ఉంటారు. ఆ వేసవి అంతా మా ఇంటిలో ఆ ప్రశ్న తిరుగుతూనే ఉన్నది.

రూర్కెలా వేసవి గురించి రెండు మాటలు చెప్పాలి. చుట్టూ కొండలు, నడుమ కర్మాగారం. ప్రభుత్వరంగంలో దేశంలోనే మొదటిదైన ఈ సమగ్ర ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 3న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దానికి ‘పార్వతి’ అని పేరు పెట్టారు. ఏప్రిల్ గడిచేసరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొలిమి పక్కన షిఫ్టు చేసి వచ్చినవారికి ఇంటి ముందరి ఎండ చల్లగా ఉంటుందని మాలో ఒక పరిహాసం. మధ్యాహ్నం వీధులు నిర్మానుష్యమవుతాయి. తడిపిన వట్టివేళ్ళ తెరల వెనుక పిల్లలు అష్టాచెమ్మా పరుచుకుంటారు. సాయంత్రమైతే ఒక్కొక్కనాడు ఊరికి చేరువనే ఉన్న వేదవ్యాస క్షేత్రానికి వెళ్తాము. అక్కడ శంఖ, కోయెల్ నదులు కలిసి బ్రాహ్మణి అవుతాయి. వ్యాసుడు మహాభారతం రచించిన చోటు అదేనని స్థానికుల విశ్వాసం. వేసవిలో నీరు సన్నబడి బండలు బయటపడతాయి. వాటి సందులలో నిలిచిన మడుగులే పిల్లలకు సముద్రాలు.

ఒడిశావారి వేసవి ఆచారాలను గమనిస్తే, మనవాటికి అక్కచెల్లెళ్ళలా తోస్తాయి. ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే మేష సంక్రాంతి వారికి సంవత్సరాది. ‘పణా సంక్రాంతి’ అంటారు. పణా అంటే మన పానకమే. మనం శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, ఏలకులతో చేసుకుంటే వారు మారేడు పండు గుజ్జుతో చేస్తారు. ఆ రోజున తులసికోటపై అడుగున చిన్న రంధ్రం చేసిన మట్టికుండ వ్రేలాడదీస్తారు. వేసవి పొడుగునా తులసిమీద బొట్టుబొట్టుగా నీరు పడుతుంది. మా పొరుగింటి ఒడియా సోదరి తెచ్చి ఇచ్చిన కుండను అమ్మగారే మా తులసికి కట్టారు. ప్రతి ఉదయం దానిలో నీరు పోయడం చిన్నవాడి ఉద్యోగం.

ఇక వారి ‘పఖాళ’ మన చద్దన్నమే. అన్నంలో నీరు పోసి ఉంచి, పుల్లబడిన తర్వాత కూరాకు వేపుడుతో, వడియాల పొడితో తింటారు. మొదటి నెలలలో భోజనం సరిగా చేయని అమ్మగారు, పొరుగింట పఖాళ చూసి, “ఇది మన తరవాణే!” అని ముద్ద కలుపుకొన్నారు. అది చూసి మేము ఉభయులమూ ఎంతో ఊరట చెందాము.

వైశాఖ మాసంలో నాలుగు రోజుల సెలవు దొరికింది. పల్లెకు బదులుగా పూరీ వెళ్దామని నిశ్చయించాము. హటియా నుంచి పూరీకి పోయే తపస్విని ఎక్స్‌ప్రెస్ రూర్కెలా మీదుగానే వెళుతుంది. రాత్రి ప్రయాణం కనుక పిల్లలకూ పెద్దలకూ ఎండ బాధ ఉండదు. పులిహోర, పెరుగన్నం, మజ్జిగ సీసాలతో రైలెక్కాము. తెల్లవారి దిగేసరికి ఉప్పుగాలి స్వాగతం పలికింది.

పూరీలో వైశాఖమంతా పండుగే. అక్షయ తృతీయనాడు రెండు పనులు ఒకేసారి ప్రారంభమవుతాయి: చందనయాత్ర, రథాల నిర్మాణం. అదే రోజున మన సింహాచలంలో అప్పన్న స్వామికి చందనం ఒలిచి నిజరూప దర్శనం కల్పించి, తిరిగి చందనం పూస్తారు. ఎండలు ముదిరే వేళ దేవునికి చల్లదనం కోరడం రెండు చోట్లా ఉన్నదని అమ్మగారు సంతోషించారు. చందనయాత్ర 42 రోజుల ఉత్సవం. మొదటి 21 రోజులు జగన్నాథుని ప్రతినిధిగా మదనమోహనుడు సాయంత్రం నరేంద్ర పుష్కరిణికి వెళ్ళి పడవ విహారం చేస్తాడు. పడవలు రెండు: నంద, భద్ర. అయిదు శివాలయాల నుంచి పంచపాండవులన్న పేరుతో శివమూర్తులు కూడా తరలివస్తారు. అయిదుగురు శివులు పాండవులెట్లా అయ్యారని చిన్నవాడు అడిగిన ప్రశ్నకు, “వేసవి సెలవులలో వేషం వేసుకొన్నారు” అని వాడి అక్క జవాబిచ్చింది. మా దగ్గర అంతకంటె మంచి జవాబు లేదు.

పెద్దవీధిలో రథాల పని చూడటానికి పిల్లలకు ఒక పూట చాలలేదు. ప్రతి సంవత్సరం కొత్త కలపతో మూడు రథాలను నిర్మిస్తారు. జగన్నాథుని నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుని తాళధ్వజకు 14, సుభద్ర దర్పదళనకు 12. వడ్రంగులు బాడిసెలతో చెక్కుతూ ఉంటే చెక్కపేళ్ళు ఎగిరి పడుతున్నాయి. మొత్తం 42 చక్రాలని పెద్దమ్మాయి కూడి చెప్పింది. మరునాడు సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని కోణార్కకు వెళ్ళినప్పుడు అక్కడి 24 చక్రాలనూ లెక్కించాలని ఇద్దరూ గుడి చుట్టూ పరుగెత్తారు. పూరీ రథాలు ఏటేటా కొత్తగా పుడతాయి, 13వ శతాబ్దంలో గాంగరాజు నరసింహదేవుడు కట్టించిన ఈ రాతిరథం మాత్రం కదలకుండా నిలిచి ఉన్నది. ఏది ఎక్కువ పాతదని చిన్నవాడు అడిగితే కొంతసేపు మేమే ఆలోచనలో పడ్డాము.

ఆలయ ప్రాకారంలోని ఆనంద బజారులో మహాప్రసాదం స్వీకరించాము. మట్టికుండలలో, కట్టెల పొయ్యిలమీద, ఒకదానిపై ఒకటిగా పేర్చి వండుతారు. బంగాళాదుంప, టమాటా ఆ వంటశాలలోకి రావు. అవి లేకుండా కూర ఉంటుందని మా పిల్లలకు అక్కడే తెలిసింది. కులభేదం లేక అందరూ కలిసి కూర్చొని తినడం ఆ ప్రసాదానికి తరతరాల సంప్రదాయం.

మేము ముఖ్యంగా చెప్పదలచినది మాత్రం సముద్రతీరపు సంగతి. పూరీ కెరటాలు బలమైనవి. యాత్రికులను చేయి పట్టి స్నానం చేయించేవారిని అక్కడ ‘నోలియా’లు అంటారు. మొనదేలిన టోపీ పెట్టుకొన్న ఒక పెద్దాయన మా చిన్నవాణ్ణి కెరటం దగ్గరకు తీసుకొని వెళ్తూ, “భయపడకు బాబూ, గట్టిగా పట్టుకో” అని తెలుగులో అన్నాడు. ఒడియాలో బేరమాడిన మేము ఆశ్చర్యపోయాము. పూరీలో పెంటకట అనే పెద్ద మత్స్యకారుల వాడ ఉన్నది. అక్కడివారిలో అధికభాగం ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల క్రితం వలస వచ్చిన తెలుగువారు. ఇంట తెలుగు, బజారులో ఒడియా.

ఆ సాయంత్రం అమ్మగారు పెంటకట చూస్తానన్నారు. ఇరుకు సందులు, ఆరవేసిన వలలు, ఇసుకలోనికి లాగి ఉంచిన పడవలు. ఒక గుమ్మం ముందు వల బాగుచేసుకొంటున్న వృద్ధురాలి పక్కన అమ్మగారు కూలబడ్డారు. “ఏ ఊరమ్మా మీది?” అని అడిగారు.

“మా తాతలు అటేపు నుంచి ఒచ్చేరు. మేం పుట్టింది ఇక్కడే. మరింక మా ఊరు ఇదే కదమ్మా” అన్నదామె, దారం తెంపకుండానే.

2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటిన నాటి సంగతి ఆమె చెప్పింది. ముందుగానే అందరినీ ఆశ్రయానికి తరలించారు. తిరిగి వచ్చేసరికి కప్పు లేదు, వలలు లేవు. “గోడలు నిలబడ్డాయి. మళ్ళా కప్పుకొన్నాం” అని అంతటితో ఆ ప్రసంగం ముగించింది. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఎండుచేపల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకొన్నారు. అమ్మగారు అంత గొంతెత్తి మాట్లాడి ఏడాది అయింది. మా పెద్దమ్మాయి ప్రక్కనే నిలబడి అంతా వింటున్నది. ఆ యాసలో కొన్ని మాటలు దానికి అర్థం కాలేదు. నాన్నమ్మను అడిగి ఒక్కొక్కటే తెలుసుకొన్నది.

తిరిగి వచ్చిన తరువాత మా ఇంటిలో పెద్ద మార్పులేవీ జరగలేదు. అమ్మగారు ట్రంకు పెట్టె పూర్తిగా సర్ది, అందులోని బట్టలను అల్మారాలోనికి మార్చారు. అంతవరకు అందులోనుంచే తీసి కట్టుకొనేవారు. బూడిద గుమ్మడికాయ తెప్పించి మేడమీద వడియాలు పెట్టారు. కాకులను తోలే పని పిల్లలది. రుబ్బురోలు కోసం సంతలో వాకబు చేయమని మాకు పురమాయించారు. పొత్రానికి సరిపోయే రోలు నాలుగు వారాలు తిరిగితే దొరికింది. కొంచెం వదులుగా ఉన్నదని ఆమె ఇప్పటికీ అంటారు.

జూన్ నడుమ వచ్చిన రొజొ పండుగతో సెలవులు ముగిశాయి. ఒడిశా తీరపు జిల్లాలలో ఇది ముఖ్యమైన పండుగ. ఆ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు టౌన్‌షిప్‌లోనూ వేడుకగా చేసుకొంటాయి. పహిలి రొజొ, రొజొ సంక్రాంతి, బాసి రొజొ అని మూడు రోజులు భూదేవికి విశ్రాంతి. నాగలి కదలదు, నేల తవ్వరు. నాలుగవ రోజున భూదేవికి స్నానం. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టి, పాదాలకు అలతా పెట్టుకొని ఉయ్యాలలూగుతారు. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరితో కాల్చిన పోడొ పిఠా ఇంటింటా పంచుతారు. మనకు జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాక. అదే పూర్ణిమనాడు పూరీలో జగన్నాథునికి 108 కుండల నీటితో స్నానం చేయిస్తారు. ఆపైన స్వామికి జ్వరం వచ్చిందని పదిహేను రోజులు దర్శనం ఉండదు. ఏరువాకకు మనం నాగలి పూజించి పొలంలో దించుతాము. వారు రొజొకు నాగలిని ఆపుతారు. రెండూ తొలకరి ముందు నేలకు చేసే నమస్కారాలే అని అమ్మగారు పొరుగింటి సోదరికి తెలుగులోనే వివరించారు. ఆమె ఒడియాలో అవునన్నది.

క్వార్టర్ల వెనుక వేపచెట్టుకు ఉయ్యాల వేశారు. అట్లతద్దికి మాత్రమే ఊగేవాళ్ళమని మొదట సంకోచించినా, పిల్లల బలవంతంమీద అమ్మగారు కూడా కూర్చున్నారు. చిన్నవాడు వెనుక నుంచి తోశాడు.

బడి తెరిచే ముందురోజు పెద్దమ్మాయి ‘మా ఊరు’ వ్యాసం పూర్తి చేసింది. నాన్నమ్మ చెబుతూ ఉంటే వంశధార, మామిడితోట, తాతగారి వీధి అరుగు గురించి ఏడు వాక్యాలు వ్రాసింది. ఎనిమిదవ వాక్యం రూర్కెలా గురించి, తొమ్మిదవది పెంటకట అవ్వ గురించి. పదవ వాక్యం ఏమి వ్రాయాలో తోచక మమ్మల్ని అడిగింది. నాన్నమ్మను అడగమన్నాము. ఊళ్ళో ఇంటి తాళం చెవి తన దగ్గరే ఉన్నదని వ్రాయమన్నారు ఆమె. వచ్చే వేసవికి వారం రోజులు వెళ్ళి ఆ ఇల్లు తెరిచి, సున్నం వేయించి, సింహాచలంలో చందనోత్సవం కూడా చూసి రావాలని నిశ్చయించుకొన్నాము.