తల భద్రం... ఆకాశం పిలుస్తోంది!

గుంటూరులో ఆదివారం పొద్దున్న. కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఫోనందుకుంది తల్లి. అవతల కాలిఫోర్నియాలో ఇంకా శనివారం రాత్రే.

'అమ్మా, రేపు విమానంలోంచి దూకుతున్నా' అంది ఇరవయ్యారేళ్ల కూతురు. ఇవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత వచ్చిన మొదటి ప్రశ్న ప్యారాచూట్ గురించి కాదు.

'తలకేం పెట్టుకుంటావే?'

'హెల్మెట్టమ్మా.'

ఫోను నాన్న చేతిలోకి మారింది. 'ఐఎస్‌ఐ మార్కు ఉందో లేదో చూశావా తల్లీ?'

కూతురికి నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక మాత్రం, నాన్న అడిగినదాంట్లో నవ్వాల్సిందేమీ లేదనిపించింది. ఆ మధ్యాహ్నమే ఓ హెల్మెట్‌ని చూసి మనసు పారేసుకుందామె. నల్లగా నిగనిగలాడుతూ, ముఖమంతా కప్పేసే అద్దంతో, అచ్చం వ్యోమగాములు పెట్టుకునేదానిలా ఉంది. ధర చూస్తే వందల డాలర్లు. కొనాలా... వద్దా? తెల్లారేలోగా తేల్చుకోవాలి.

మనుషులు రాలే ఊరు

ఆమె దూకబోయే చోటు పేరు పెరిస్. లాస్ ఏంజిలస్ నుంచి ఆగ్నేయంగా సుమారు 110 కిలోమీటర్లు. ఫ్రాన్స్ రాజధానికీ దీనికీ సంబంధం లేదు. 1880లలో ఇటుగా రైలుమార్గం వేయించిన ఇంజినీరు ఫ్రెడ్ పెరిస్ పేరే ఊరికి పెట్టారు. ఆ జ్ఞాపకంగా ఇప్పటికీ ఊళ్లో పెద్ద రైల్వే మ్యూజియం ఉంది. చుట్టూ ఎండిపోయిన గోధుమరంగు కొండలు, మధ్యలో చదునైన లోయ. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. వేసవిలో మన రెంటచింతల గుర్తొస్తుంది. ఏడాదిలో చాలా రోజులు ఆకాశం నిర్మలంగా ఉండటమే ఈ ఊరికి వరమైంది.

పొద్దున్నే వేడిగాలి బెలూన్లు లేస్తాయి. కాస్త ఎండెక్కాక విమానాశ్రయం వైపు నుంచి ట్విన్ ఆటర్ విమానాల రొద మొదలవుతుంది. ఒక్కోదాంట్లో ఇరవై మందికి పైగా ఎక్కుతారు. పావుగంట గడిచాక తలెత్తి చూస్తే నీలాకాశంలో చుక్కలు... ఆ చుక్కలే రంగురంగుల గొడుగులై విచ్చుకుంటాయి! ప్రపంచంలో పేరున్న స్కైడైవింగ్ కేంద్రాల్లో ఇదొకటి. ఆవరణలోనే ఈతకొలను, భోజనశాల, నేలమీదే గాల్లో తేలడం నేర్పే గాలిసొరంగం ఉన్నాయి. దూకేవాళ్లకంటే, తమవాళ్లు ఎప్పుడు దిగుతారా అని మెడలు నొప్పెట్టేలా పైకి చూసే తల్లిదండ్రులూ, స్నేహితులే ఎక్కువ కనిపిస్తారు కొన్ని రోజుల్లో. వారాంతాల్లో దక్షిణ కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుర్రకారూ వస్తుంటారు.

ఆ ఏప్రిల్ రోజు

ఇంత సందడిలోనూ పెరిస్ మర్చిపోని రోజొకటుంది. 1992 ఏప్రిల్ 22. ఇరవై రెండు మందితో బయల్దేరిన ట్విన్ ఆటర్ నేల విడిచిన కాసేపటికే కూలిపోయింది. ఇంధనం కలుషితమై ఓ ఇంజిన్ ఆగిపోవడంతో మొదలైన ప్రమాదమది. 16 మంది చనిపోయారు. బతికిన ఆరుగురిలో డాన్ బ్రాడ్‌స్కీ చెన్‌ఫెల్డ్ ఒకరు. మెడ ఎముక విరిగి, వారాల తరబడి కోమాలో ఉన్న ఆయన మళ్లీ లేచి, మళ్లీ దూకి, ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆ తర్వాత ఇదే పెరిస్ కేంద్రం నిర్వహణ బాధ్యతలూ చూశారు.

స్కైడైవర్లు దాని నుంచి నేర్చుకున్న పాఠం ఒకటే... ప్రమాదం అంటే ప్యారాచూట్ తెరుచుకోకపోవడమొక్కటే కాదు. అందుకే విమానం కదలకముందే నడుముకి బెల్టు బిగించాలి. హెల్మెట్ తలకి పెట్టుకోవాలి, లేదా దేనికైనా గట్టిగా కట్టేయాలి. ఒళ్లో పెట్టుకు కూర్చోకూడదు. విమానం ఒక్క కుదుపు కుదిపితే ఆ హెల్మెట్టే రాయిలా ఎగిరి ఎదుటివాళ్ల తల పగలగొడుతుంది. సుమారు 1,500 అడుగుల ఎత్తు దాటాకే బెల్టులు విప్పేది.

ఇంతకీ హెల్మెట్ ఎందుకు?

గంటకి దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో కిందికి పడుతున్నప్పుడు ఈ డొప్ప ఏం కాపాడుతుందన్నది చాలామంది అనుమానం. నిజమే. ఆ వేగంతో నేలని తాకితే ఏ హెల్మెట్టూ కాపాడలేదు. దానికోసం ప్రధాన ప్యారాచూట్, అది మొరాయిస్తే రిజర్వు ప్యారాచూట్, మనిషి ఏమీ చేయలేని స్థితిలో ఉంటే తనంతట తానే రిజర్వుని తెరిచే పరికరం ఉన్నాయి. మరి హెల్మెట్ పనేంటి? మనిషిని స్పృహలో ఉంచడం!

వంగి నడవాల్సిన విమానంలో కప్పుకి తల తగలొచ్చు. గుమ్మం దాటేటప్పుడు అంచు తగలొచ్చు. గాల్లో పక్కన ఉన్న మనిషి మోకాలు తగలొచ్చు. ప్యారాచూట్ విచ్చుకునేటప్పుడు భుజాల మీంచి లేచే పట్టీలు చెంపల్ని కొట్టొచ్చు. ఆ దెబ్బకి కళ్లు బైర్లు కమ్మితే ప్యారాచూట్ తెరవాల్సిన చెయ్యి పనిచేయదు. పరికరం పుణ్యమా అని రిజర్వు తెరుచుకున్నా, దాన్ని నడిపించి, నేల దగ్గరపడ్డాక రెండు తాళ్లూ కిందికి లాగి మెత్తగా దించేవాళ్లుండరు. ఇక కొత్తవాళ్లు దిగేటప్పుడు తూలి దొర్లడం మామూలే. హెల్మెట్‌కి ఎక్కువగా పని పడేది అప్పుడే.

శిక్షకుడికి కట్టేసి దూకే 'టాండెమ్' జంప్‌లో గట్టి హెల్మెట్ తప్పనిసరి కాదు. అక్కడ బాధ్యతంతా శిక్షకుడిదే. సొంతంగా దూకడం నేర్చుకునే వాళ్లకి మాత్రం, లైసెన్సు వచ్చేదాకా గట్టి హెల్మెట్ పెట్టుకు తీరాలన్నది అమెరికా ప్యారాచూట్ సంఘం నియమం. మొదటి లైసెన్సుకి కనీసం 25 జంపులు చేయాలి.

నాన్న అడిగిన ప్రశ్న

ఐఎస్‌ఐ మార్కు సంగతికొద్దాం. మన ద్విచక్రవాహనాల హెల్మెట్లకి ఆ ముద్ర ఉండాలి. ఆకాశంలో ఈ లెక్క అంత సూటిగా లేదు. గ్లైడర్లు, పారాగ్లైడర్ల వాళ్ల కోసం యూరప్‌లో 'ఈఎన్ 966' అనే ప్రమాణముంది. స్కైడైవింగ్‌కంటూ ప్రత్యేకంగా ప్రమాణం మాత్రం చాలాకాలం లేదు. 2010ల చివర్లోగానీ రాలేదు. అంటే, దుకాణంలో మెరిసే ప్రతి హెల్మెట్టూ దెబ్బకి ఎంత ఆగుతుందో పరీక్షించి తెచ్చిందే అనుకోవడానికి లేదు. కొన్నిటిలో గట్టి డొప్పకి లోపల మెత్తటి స్పాంజి తప్ప ఇంకేమీ ఉండదు. కాబట్టి లోపలి అట్ట మీద ఏం రాసుందో చదవాల్సిందే, అమ్మేవాళ్లని అడగాల్సిందే.

లోపలి పొరల్లోనూ రెండు రకాలు. థర్మకోల్ లాంటి గట్టి నురుగు ఒక పెద్ద దెబ్బని తాను నలిగి మింగేస్తుంది. ఆ తర్వాత దాన్ని పారేయాలి. మెత్తటి నురుగు చిన్న చిన్న దెబ్బల్ని పదేపదే తట్టుకుంటుంది. ఎవరో వాడిన హెల్మెట్ చవగ్గా వస్తోందని కొంటే, అది అప్పటికే ఎవరి దెబ్బ మింగేసి కూర్చుందో మనకి తెలియదు!

'మోటార్‌సైకిల్‌దో, సైకిల్‌దో పెట్టుకుంటే పోలా?' అనొచ్చు. పోదు. మోటార్‌సైకిల్ హెల్మెట్ బరువు. ప్యారాచూట్ తెరుచుకున్నప్పుడు పడే కుదుపులో ఆ బరువంతా మెడ మీదే పడుతుంది. పక్కచూపు, కిందిచూపు తగ్గిపోతాయి. సైకిల్ హెల్మెట్‌కి కన్నాలూ, అంచులూ ఎక్కువ. ప్యారాచూట్ తాళ్లు వాటిలో చిక్కుకుంటే ఇబ్బందే. బయటివైపు ఎక్కడా కొక్కెంలా పొడుచుకు రాకుండా, కోడిగుడ్డులా నున్నగా ఉన్నదే మంచిది.

ముఖం కప్పాలా... వద్దా?

ముఖమంతా కప్పే హెల్మెట్‌లో సుఖాలున్నాయి. గాలి చప్పుడు తగ్గుతుంది. చలి తగలదు. దవడకి రక్షణ. కళ్లజోడు మీద మరో అద్దం పెట్టుకునే బాధ తప్పుతుంది. అందుకే అనుభవజ్ఞుల్లో చాలామంది వాటినే ఇష్టపడతారు.

కొత్తవాళ్లకి మాత్రం చిక్కులున్నాయి. 13 వేల అడుగుల ఎత్తులో నేలమీదకంటే దాదాపు 25 డిగ్రీల చలి ఎక్కువ. కంగారులో ఊపిరి వేగంగా తీస్తుంటే అద్దానికి ఆవిరి పడుతుంది. గడ్డం దగ్గరి భాగం కిందిచూపుకి అడ్డొస్తుంది. అత్యవసరంలో లాగాల్సిన పిడులు రెండూ ఛాతీ మీదే ఉంటాయి. ముందు వాటిని చూసి, పట్టుకుని, అప్పుడు లాగమని నేర్పుతారు. చూడటానికే కష్టమైతే ఎలా? ప్యారాచూట్ విచ్చుకున్నాక నేలమీంచి శిక్షకుడు రేడియోలో 'ఎడమకి తిరుగు... ఇప్పుడు లాగు' అని చెబుతుంటాడు. ఆ మాట చెవిన పడి తీరాలి. అందుకే మొదటి జంపులకి చాలాచోట్ల ముఖం తెరిచి ఉండే సాదా హెల్మెట్, దాంతోపాటు కళ్లకి గాగుల్స్ ఇస్తారు.

సైజు సంగతి ఇంకా ముఖ్యం. కనుబొమలకి కాస్త పైనుంచి చుట్టూ టేపుతో కొలవాలి. పెట్టుకున్నాక తల అడ్డంగా, నిలువుగా ఊపితే హెల్మెట్‌తోపాటు నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలితే వదులన్నమాట. పావుగంట పెట్టుకుని కూర్చోవాలి. ఎక్కడైనా నొక్కుకుని నొప్పెడితే అది మీ తలకి కాదు. గడ్డం కింద పట్టీ పెట్టాక వెనకనుంచి పైకి తోస్తే ఊడిరాకూడదు. గాల్లో ఊడిన హెల్మెట్ కింద ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికి తెలుసు! గాగుల్స్, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు వాటితో కలిపే సరిచూసుకోవాలి.

మన ఆడపిల్లలకి మరోమాట. కొప్పు పెట్టి, పైన హెల్మెట్ పెడితే అది తల మీద కూర్చోదు, కొప్పు మీద కూర్చుంటుంది. జడ అల్లుకుని చొక్కా లోపలికి దోపుకోవాలి. పిన్నులు, క్లిప్పులు తీసేయాలి. హెల్మెట్ మీద కెమెరా బిగించుకుని వీడియో తీసుకోవాలన్న సరదా ఉంటే కాస్త ఆగాలి. కనీసం 200 జంపులు చేశాకే కెమెరా జోలికి వెళ్లమంటుంది ప్యారాచూట్ సంఘం. అది తాళ్లకి చిక్కుకునే ప్రమాదం ఒకటి, ధ్యాస మళ్లించే ప్రమాదం మరొకటి.

హెల్మెట్‌కి గీత

ఇవన్నీ విని ఆ గుంటూరమ్మాయి తేల్చుకుంది. నల్ల హెల్మెట్ దుకాణంలోనే ఉండిపోయింది. 'పాతిక జంపులయ్యాక నిన్ను తీసుకెళ్తా' అనుకుంది దాన్ని చూసి. అద్దెకి తీసుకున్నది మాత్రం ముఖం తెరిచి ఉండే తెల్లటి సాదా హెల్మెట్. మూడు పెట్టి చూశాక నాలుగోది సరిపోయింది. జడ చొక్కాలోకి దోపుకుంది.

ఆదివారం పొద్దున్న చెరోపక్కా శిక్షకులు పట్టుకోగా విమానం గుమ్మంలో నిలబడింది. కొండలు, రోడ్లు, ఇళ్లు బొమ్మల్లా కనిపిస్తున్నాయి. దూకింది. నిమిషానికి కాస్త తక్కువే అయినా, తర్వాత ఎంతసేపు చెప్పినా తరగని సమయమది. ప్యారాచూట్ విచ్చుకుంది. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో రేడియో గొంతు. చెప్పినట్టే తిరిగింది. చివర్లో తాళ్లు లాగడం మాత్రం అర క్షణం ఆలస్యమైంది. కాళ్లు తగిలాయి, మోకాళ్లు మడతపడ్డాయి, ఓ దొర్లు దొర్లింది. తల వెళ్లి ఎండిన మట్టిగడ్డకి తగిలింది. 'టక్' మని చప్పుడు, అంతే. లేచి నిలబడింది. శిక్షకుడు పరుగున వచ్చి ముందు ఆమె కళ్లలోకి చూశాడు. పేరడిగాడు, రోజేంటని అడిగాడు. తర్వాత హెల్మెట్ తీసి, పరీక్షించడానికి పక్కన పెట్టించాడు.

గుంటూరులో రాత్రి పదకొండున్నర. మొదటి రింగుకే ఫోనెత్తింది తల్లి.

'అయిపోయిందమ్మా. బాగున్నా.'

'తలకేం కాలేదుగా?'

'చిన్న గీత పడింది...'

'అయ్యో!'

'నాకు కాదమ్మా. హెల్మెట్‌కి.'

వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది. 'చెప్పానా!' అంటోంది అది.