ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి బస్సు

పిల్లలూ! ఈసారి మిమ్మల్ని మూడు వూళ్ళకు తీసుకుపోతాను: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మూడూ ఒకప్పుడు కరీంనగరు జిల్లాలోవే. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయినాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. మనం చూడబోయేది కోటలూ గుళ్ళూ కాదు, నాలుగైదేళ్ళ పిల్లల ఆటవస్తువులు.

ఎందుకో చెబుతాను. నేను పంతులుగా చేరిన కొత్తలో ఒకటో తరగతి పిల్ల ఒకతె సంచిలో గురుగులు వేసుకుని బడికి వచ్చింది. నేను పాఠం చెబుతూ వుంటే, పలక చాటున వంట చేస్తున్నది! నాకు కోపం వచ్చింది. గురుగులు లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. అవి పగిలిపోయినాయి. ఆ ఏడాది పొడుగునా ఆ పిల్ల నా ముందు నోరు విప్పలేదు. నేను పగలగొట్టింది వట్టి మట్టి గురుగులను కాదని తెలియటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకే ఈ సంక్రాంతికి, ఉద్యోగం లేని తీరికలో, పిల్లల ఆటలు చూడటానికి బయలుదేరాను.

మొదట జగిత్యాల. ఇక్కడి పాతకోట నక్షత్రం ఆకారంలో వుంటుంది. సంక్రాంతి ముందు బజారులో చిన్న చిన్న గురుగులు రాసులు పోసి అమ్ముతారు. ఆడవాళ్ళు వాటిని నోములకు కొంటారు. నోము అయినాక అవి పిల్లల చేతికి వస్తాయి. ఒక అరుగు మీద నాలుగేళ్ళ పిల్ల ఇసుకను అన్నంగా, వేపాకును కూరగా వండి నాకు వడ్డించింది. "పైలం తాతా, కాలుతది!" అన్నది.

ఇసుక కాలదని ఆ పిల్లకు తెలియదా? తెలుసు. తెలిసీ దాన్ని వేడి అన్నమనుకోవటంలోనే వుంది విశేషమంతా. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పియాజే తన పిల్లలనే గమనిస్తూ వచ్చాడు. ఆయన కూతురు పదిహేను నెలల వయసులో ఒక గుడ్డను తలగడ చేసుకుని, నవ్వుతూ దొంగనిద్ర పోయిందట. సోవియట్ శాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక వుపన్యాసంలో, కర్రను గుర్రం చేసుకుని ఎక్కే పిల్లవాణ్ణి గురించి చెప్పాడు. అక్కడ గుర్రం లేదు, కాని గుర్రమనే భావం వుంది. ఆలోచించి చూడండి: "అ" అని మనం పలక మీద గీసేది శబ్దం కాదు, శబ్దానికి గుర్తు. ఇసుకను అన్నానికి గుర్తు చేసుకోగల పిల్ల, గీతను శబ్దానికి గుర్తు చేసుకోవటానికి సిద్ధమవుతున్నదన్నమాట! అక్షరాలు నేర్పవలసిన నేను ఆ విద్యనే కిటికీలోంచి పారేశాను.

జగిత్యాల నుంచి నిజామాబాదు రోడ్డున పడమరగా పోతే కోరుట్ల వస్తుంది. ఇక్కడ ఎందరో ఆడవాళ్ళు ఇంటి దగ్గరే బీడీలు చుడతారు. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కడతారు. ఒక ఇంటి వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళు రావి ఆకులతో వుత్తుత్తి బీడీలు చేస్తున్నారు. చుట్టేది చెల్లెలు, లెక్క చూసుకునేది అక్క. "గివి మంచిగ లెవ్వు, వాపస్!" అని అక్క రెండు తీసి పారేసింది. చెల్లెలు బతిమాలింది. కొంతసేపటికి వేషాలు మార్చుకున్నారు. ఇప్పుడు బతిమాలటం అక్క వంతయింది! ఎదుటివాళ్ళ కష్టం ఎటువంటిదో ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఆటే చెప్పింది.

అయితే ఆట వేరు, పని వేరు. నిజం బీడీల చాట ముందు పిల్లల్ని కూచోబెడితే ఆటా పోతుంది, ఆరోగ్యమూ పోతుంది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని బీడీల పనికి పెట్టుకోరాదని 1986లోనే చట్టం వచ్చింది.

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాను. మానేరు ఒడ్డున వున్న యీ వూళ్ళో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి చప్పుడు వీధిలోకి వినబడుతుంది. ఒక షెడ్డు బయట అయిదేళ్ళవాడు ఖాళీ కండెలను వరసగా నిలబెట్టి బస్సు నడుపుతున్నాడు. కండెలే ప్రయాణీకులు. ఇంతలో వాళ్ళమ్మ సకినాలు తెచ్చి పిలిచింది. వాడికి నోరు వూరింది, అయినా లేవలేదు.

"బస్సు వేములాడ పోయినంక దిగుత. నడుమల దిగితే మంది ఏమంటరు?" అన్నాడు.

ఆ వయసువాణ్ణి "కదలకుండా కూచోరా!" అంటే రెండు నిమిషాలు కూచోడు. డ్రైవరయితే కూచుంటాడు! ఆట నియమం కోసం తన కోరికను తానే ఆపుకున్నాడు. ఈ సంగతి కూడా వైగోట్‌స్కీ ఆ వుపన్యాసంలోనే చెప్పాడు.

ఈ మేలంతా ఆట ఒక్కదానివల్లనే కలుగుతుందా, ఆటలో సాగే మాటలవల్లా, తోడు ఆడే పెద్దలవల్లా కూడానా అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చర్చిస్తున్నారు. నేను కళ్ళారా చూసింది మాత్రం ఒకటుంది. మూడు వూళ్ళలోనూ పిల్లలు ఆడినంతసేపూ మాట్లాడుతూనే వున్నారు. నా ముందు నోరు విప్పని ఆ పిల్ల, పలక చాటున గురుగులతో ఎంత మాట్లాడిందో! నేను వినలేదు.

ఏటికొప్పాక లక్కపిడతలూ, నిర్మల్ కొయ్యబొమ్మలూ చాలా అందంగా వుంటాయి. దొరికితే తప్పక ఆడుకోండి. కాని సిరిసిల్ల బస్సుకు కానీ ఖర్చు కాలేదు.

పిల్లలూ, మీ చెల్లెలో తమ్ముడో ఖాళీ గురిగి చేతికిచ్చి "చాయ్ తాగు" అంటే, "ఇందులో ఏమీ లేదు" అనకండి. వూదుకుంటూ తాగి, "చక్కెర తక్కువైంది" అనండి. తరవాత ఏం జరుగుతుందో మీరే చూడండి.