గురివింద తూకం

మా అన్నయ్య కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. వారమంతా కంప్యూటర్ ముందు, ఆదివారం మాత్రం గరాజ్‌లో. మొన్న వీడియో కాల్‌లో ఆ గరాజ్ చూపించాడు. అందులో కారు లేదు. ఒక బల్ల, దానికి బిగించిన చేతి ప్రెస్సు, పక్కన బుల్లి త్రాసు, ఊరగాయ జాడీల్లా వరసగా డబ్బాలు. "తూటాలు నేనే కూరుకుంటున్నా బాబాయ్" అన్నాడు, ఆవకాయ ఇంట్లోనే పెట్టుకుంటున్నా అన్నంత తేలిగ్గా.

నేను అప్పుడు హైదరాబాద్‌లో మా అశోక్‌నగర్ బాల్కనీలో ఉన్నాను. కింద టీ కొట్టు దగ్గర గ్రూప్-1 పిల్లలు రాజ్యాంగం అధికరణాలు వల్లె వేస్తున్నారు. ఫోను గొంతు తగ్గించి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. ఆయుధాల చట్టం కూడా వాళ్ళ సిలబస్‌లో ఉందేమో, ఎవరు చూడొచ్చారు!

వాడి దగ్గరున్నది జోడీ. ఒక రివాల్వరు, ఒక లీవర్ రైఫిలు, రెండూ 44 మాగ్నమ్. ఒకే తూటా రెంటికీ పడుతుంది. ఇది కొత్త తెలివేం కాదు. వించెస్టర్ కంపెనీ 1873లో చేసిన రైఫిలుకు ఏ తూటా వాడేవారో, ఆ తూటాకే 1878లో కోల్ట్ కంపెనీ రివాల్వరు చేసింది. గుర్రం మీద పోయేవాడికి ఒక్క సంచి చాలు, చీకట్లో తడుముకోనక్కర్లేదు. ఆ తూటా పేరు 44-40. అందులో 40 అంటే లోపలి నల్ల తుపాకిమందు తూకం, గ్రెయిన్లలో.

లీవర్ రైఫిలు మన సినిమా వాళ్ళకు కొత్త కాదు. పిడి దగ్గరున్న కొక్కెం కిందికి గుంజి పైకి కొడితే ఖాళీ తొడుగు ఎగిరిపడి, కొత్త తూటా లోపలికెళ్తుంది. కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్.దాస్ తీసిన కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' 1971లో వచ్చింది. అటు అమెరికాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ 44 మాగ్నమ్ పట్టుకుని 'డర్టీ హ్యారీ'లో కనిపించిందీ ఆ ఏడాదే. కృష్ణగారి సినిమా 2023 మే 31న మళ్ళీ విడుదలైనప్పుడు చూశాను. హాల్లో కాగితాలే కాగితాలు. కానీ కౌబాయ్ సినిమాల్లో తూటాలెప్పుడూ తయారుగానే ఉంటాయి, వాటిని కూర్చుని కూరేవాణ్ణి ఎవడూ చూపించడు.

కూరేవాణ్ణి నేను చూశాను. మా నాన్న.

చిక్కడపల్లి పాత ఇంట్లో దీపావళికి పదిహేను రోజుల ముందే మేడ మీద గోనెపట్టా పరిచేవాడు. సూరేకారం, గంధకం, బొగ్గు, బీడు రజను వేరువేరు పళ్ళాల్లో ఎండేవి. ఒక పళ్ళెంలో పెట్టిన చెంచా ఇంకో పళ్ళెంలో పెడితే వీపు మోగేది. చిచ్చుబుడ్డి అడుగు నుంచి మందు పోసి, కర్రపుల్లతో కూరి, మట్టితో మూసేవాడు. వేగిరపడేవాడు కాదు. ఒక బుడ్డి అయ్యాక దాన్ని పక్కన బోర్లించి, చెయ్యి తుడుచుకుని, అప్పుడే రెండోది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆ బుడ్డి ఖాళీ చేసి మొదటికొచ్చేవాడు.

టెక్సాస్‌వాడూ అదే అన్నాడు. మాటల్లో పడి ఒకే తొడుగులో మందు రెండుసార్లు పోస్తే అయిపోయినట్టేనట, అందుకని గరాజ్‌లో పాటలు కూడా పెట్టడు. అమెరికాలో ఎల్మర్ కీత్ అని ఒకాయన ఇలా చేత్తోనే ఘాటైన తూటాలు కూరుతూ ఏళ్ళ తరబడి పత్రికల్లో రాశాడు. ఆయన పోరు పడలేకే 1955లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి 44 మాగ్నమ్ తెచ్చాయంటారు. ఆయన కూడా ఆ దారిలో ఒక రివాల్వరు పగలగొట్టుకున్నవాడే.

మా ఇంట్లో ఆ పాఠం నా వల్ల జరిగింది. ఒక ఏడు నాన్న చూడకుండా నేనొక బుడ్డి కూరాను. అందరూ చుట్టూ నిలబడ్డారు. అది పూలు పోయలేదు, ఢామ్మని పగిలింది. మా పిన్ని కొత్త పట్టుచీరకు రూపాయంత చిల్లు. నాన్న నన్నేమీ అనలేదు. మర్నాటి నుంచి త్రాసు నా చేతికిచ్చాడు.

కంసాలి స్నేహితుడిచ్చిన త్రాసు అది, తూనికరాళ్ళ బదులు గురివిందలు. ఒక గురివింద రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది. గ్రెయినన్నా ఒకప్పుడు ధాన్యపు గింజే. వాడి డిజిటల్ త్రాసూ నా ఇత్తడి త్రాసూ ఒక ఊరివే అనిపించింది.

మన దగ్గర ఆ జోడీ కుదరదు. మన కర్మాగారాల్లో లైసెన్సుదారుల కోసం ఎక్కువగా చేసేది 32 రివాల్వరు, 315 రైఫిలు. దాని తూటా దీనికి పట్టదు. పైగా 1959 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. ఆ పనేకాదు, మేడమీద బుడ్లు కూరమని కూడా ఇవాళ ఎవరికీ చెప్పను.

"తాతయ్య పాళ్ళు ఎక్కడైనా రాసిపెట్టాడా బాబాయ్?" అని చివర్లో అడిగాడు. లేదురా అన్నాను. ఆయనది నోటిలెక్క, ఆయనతోనే పోయింది. త్రాసు మాత్రం బీరువాలో ఉంది. గురివిందలు తొమ్మిది మిగిలాయి.