సీసా వెనక ఏముంది?

తెలుగునాట 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణంలో అన్నీ దొరుకుతాయి, ఒక్క వైన్ తప్ప. విస్కీ, బ్రాందీ, బీరు సీసాల వెనక ఏ మూలనో దుమ్ము పట్టిన తీపి వైన్ ఒకటో రెండో ఉంటే గొప్ప. అండమాన్‌లోనూ వైవిధ్యానికి చోటు తక్కువే. అక్కడ మద్యం సీసాలు అమ్మేది 1988లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అనిడ్కో. ఓడలో ఏది వస్తే అదే సరుకు.

దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్‌లో కిరాణా కొట్టు నడిపే పెద్దాయనకు ఈ గొడవేమీ పట్టదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వెళ్లిన కుటుంబం వాళ్లది. ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు. కూలి డబ్బులన్నీ సారాకే పోసిన తమ్ముడు నలభై నిండకుండానే పోయాక ఆ ఇంట్లో మందు మాటే నిషిద్ధం. అందుకే, సియాటిల్ శివార్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు, అమ్మానాన్నలు విమానం దిగడానికి ముందు రోజే వంటింటి అరలోని సీసాలన్నిటినీ గరాజ్‌లో పాత దుప్పటి కింద దాచేశాడు. నలభై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి!

దాచనిది ఒకటే, కాస్ట్‌కో. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల శనివారాలు సగం గడిచేది అక్కడే. 1983లో సియాటిల్‌లో మొదటి గోదాము తెరిచిన ఈ సంస్థ మామూలు దుకాణంలా నడవదు. ముందు ఏడాదికి 65 డాలర్లు కట్టి సభ్యత్వం తీసుకోవాలి. సూపర్‌మార్కెట్‌లో ముప్పై వేల రకాల వస్తువులుంటే ఇక్కడ నాలుగు వేలకు మించవు. బాస్మతి బస్తా కోసం తండ్రిని తీసుకెళ్లిన కొడుకు వైన్ వరుసను తప్పించి చుట్టూ తిప్పాలని చూశాడు. పెద్దాయన తనంత తనే అటు మళ్లారు. చెక్క పెట్టెల్లో, అట్టపెట్టెల్లో నిలువెత్తున పేర్చిన సీసాలు. వాటి పైన ధర చీటీలు. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"దీని మీద ఈళ్లకెంత మిగుల్తాది?"

కొడుకు తల వంచుకునే జవాబు చెప్పాడు. పేరున్న కంపెనీల సరుకైతే కొన్న ధర మీద 14 శాతం, తమ సొంత 'కిర్క్‌లాండ్' ముద్ర ఉన్నదైతే 15 శాతం మించకూడదని కాస్ట్‌కో తనకు తానే గీసుకున్న గీత. మామూలు వైన్ దుకాణాల్లో అది మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. అంటే 20 డాలర్లకు కొన్న సీసా ఇక్కడ 23 దాటదు, పక్క వీధిలో 30. ఓడ సరుకు మీద రూపాయికి ఎన్ని పైసలు మిగులుతాయో యాభై ఏళ్లుగా లెక్కేస్తున్న మనిషికి ఇంకేమీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

నిజానికి మంచి వైన్‌ను చవగ్గా పట్టడానికి నాలుక కన్నా ముందు వర్తకుడి కన్ను కావాలి. నాలుకను నమ్మడానికీ లేదు. 2008లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 5 డాలర్ల వైన్‌నే 45 డాలర్లదని చెప్పి ఇస్తే తాగినవాళ్లకు అది ఎక్కువ రుచించింది. మెదడులో ఆనందాన్ని నమోదు చేసే భాగం కూడా అలాగే స్పందించింది.

కాబట్టి చూడాల్సింది సీసా వెనక. కిర్క్‌లాండ్ వైన్లలో చాలావాటికి అసలు తయారీదారు పేరు ముందు వైపు కనిపించదు. కానీ వెనక సన్నటి అక్షరాలు అమెరికా చట్టం ప్రకారం రాసినవి. గుర్తింపు పొందిన ద్రాక్ష ప్రాంతం పేరు వేశారంటే కనీసం 85 శాతం పండు అక్కడిదే. 'ప్రొడ్యూస్డ్' అని ఉంటే అందులో ముప్పావు వంతయినా ఆ పేరుగలవాళ్లే పులియబెట్టారని. 'సెల్లార్డ్', 'వింటెడ్' అంటే మరొకరు చేసింది తెచ్చి నిల్వ ఉంచి నింపి ఉండొచ్చు. 'ఎస్టేట్ బాటిల్డ్' అంటే ద్రాక్షంతా తమ అధీనంలోని తోటలదే. వివరణ విన్న పెద్దాయన రెండు సీసాలు తిప్పి చూసి, ముందు బంగారు అక్షరాలున్నదాన్ని వెనక్కి పెట్టేశారు. "ఇది ఎవులు చేసిందో సెప్పట్లేదు" అన్నారు.

ధర చీటీ కుడి మూలన చిన్న నక్షత్రం గుర్తు ఆయనే కనిపెట్టారు. ఆ సరుకు మళ్లీ తెప్పించడం లేదనడానికి అది సంకేతమని పాత ఖాతాదారులంతా చెప్పుకుంటారు. ఈ గోదాముల్లో వైన్ వచ్చే తీరే అంత. ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండదు. రుచి చూసి నచ్చితే మళ్లీ వద్దామనుకునేవాడికి ఖాళీ చెక్కపలకే మిగులుతుంది. ఒకటి కొని, ఆ రాత్రే తెరిచి, బాగుంటే మర్నాడు పొద్దున్నే వెళ్లి అరడజను తెచ్చుకోవడమే ఉపాయం. దీవుల్లో ఓడ వచ్చిన రోజు బజారుకెళ్లే అలవాటున్న వాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

అన్నీ బేరాలే అనుకుంటే పొరపాటు. ఇక్కడ సలహా చెప్పే మనిషి దొరకడం అరుదు. ఇరవై ఏళ్ల నాటి బోర్డో లాంటివి కొనాలనుకుంటే, చల్లటి గదిలో సీసాలు పడుకోబెట్టి ఉంచే దుకాణానికే డబ్బెక్కువిచ్చి వెళ్లడం మేలు. చవక వెనక రాజకీయం కూడా ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఘాటు మద్యం అమ్మకంపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని రద్దు చేసి, వైన్‌ను టోకున తగ్గింపు ధరకు కొనే వీలు కల్పించిన 2011 ప్రజాభిప్రాయ సేకరణ కోసం కాస్ట్‌కో 2 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. అదేమీ ధర్మకార్యం కాదు. కొత్త రుసుముల వల్ల విస్కీ లాంటివాటి ధర తగ్గకపోగా పెరిగింది. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు మద్యం దుకాణాలు ఎలా నడిచాయో బంధువుల నోట విన్న పెద్దాయన ఇది విని ఏమీ అనలేదు.

బియ్యం బస్తా పక్కన ఒక సీసా బండిలోకి చేరింది. కొలంబియా వ్యాలీ ఎర్ర వైన్, 17 డాలర్లు. పెట్టింది తండ్రే. "గరాజీల దుప్పటి కింద ఉన్నాయి గదా, అయి కూడా ఇక్కడియ్యేనా?" అని అడిగారు. కొడుకు ముఖం కందిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు మొదటిసారి తండ్రి ఎదుట గ్లాసులో వైన్ పోసుకున్నాడు. తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. పెద్దాయన మజ్జిగ తాగుతూ సీసా వైపు చూస్తున్నారు.

"ఎన్ని గలాసులొస్తాయి?"

"ఐదు, నాన్నా."

"అంటే మూడు డాలర్ల నలభై. ఓటల్లో?"

"పన్నెండు పైనే."

"అక్కడ మాత్రం తాగకు" అని మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.