చార్మినారు చెంత ఇరానీ చాయ్

హైదరాబాదు పాతబస్తీని చూడబోయిన మన స్త్రీలు చార్మినారు నెక్కి చూచి, లాడ్ బజారులో గాజులు తొడిగించుకొని, మక్కా మసీదు ముంగిట పావురములకు గింజలు చల్లి యింటికి మరలుదురు. 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన యా కట్టడము చూడదగినదే. కాని దాని చెంతనే చిన్న చాయ్ అంగడి యొకటి గలదు. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని మా కోరిక.

మేము క్రిందటి మాఘమాసమున మా వదినగారిని వెంటబెట్టుకొని యచ్చటికి బోయితిమి. ఆమె మా వారికి అక్కగారు. ఆమె యేకైక పుత్రుడు చదువునకై అమెరికా కేగి మూడేండ్లయినది. అచ్చటనే యుద్యోగము దొరికినదని అతడు కబురు పంపినది మొదలు ఆమెకు అన్నము సహింపదు, నిద్ర పట్టదు. "పరదేశమున నా బిడ్డ కెవ్వరున్నారు?" అన్నదే యామె మాట. కొంత మనస్సు మరలునేమో యని మేమే యామెకు పట్టణము చూపబూనితిమి.

అంగడి పేరు నిమ్రా కేఫ్. మక్కా మసీదు ప్రక్కనే యున్నది. లోపలినుండి వేడివేడి బిస్కత్తుల పళ్ళెరములు వచ్చుచుండును. వచ్చువారిలో పెక్కురు నిలుచుండియే త్రాగుదురు. "నలుగురిలో నిలుచుండి త్రాగుటయా, అమ్మాయీ!" యని వదినగారు కొంగు సవరించుకొని వెనుకకు తగ్గిరి. అంతలో బురఖా ధరించిన వృద్ధురా లొకతె తన మనుమని ప్రక్కకు జరిపి మాకు చోటిచ్చి, బిస్కత్తును చాయ్‌లో ముంచి తినవలసిన విధమును చేతితోనే చూపినది. ఆమె ఉరుదూ మాకు సగమే తెలిసినది. ఆమె మర్యాద మాత్రము పూర్తిగా తెలిసినది.

ఆ బిస్కత్తునకు ఉస్మానియా యని పేరు. 1911 నుండి 1948 వరకు రాజ్యమేలిన యేడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖానుగారి పేర వచ్చినది. మైదాపిండి, వెన్న, చక్కెర, పాలు, వానితోపాటు కించిత్తు ఉప్పు చేరుటచే తీపిలో ఉప్పదనము తోచును. చాయ్ చేయు పద్ధతియు గృహిణులు గమనింపదగినది. మన యిండ్లలో పాలు, నీరు, ఆకు, చక్కెర యొక్క గిన్నెలోనే వేసి మరగింతుము. ఇరానీ పద్ధతికి రెండు పాత్రలు కావలెను. ఒకదానిలో తేయాకు కషాయము మూతవేసి సన్నని సెగపై చాలసేపు మ్రగ్గవలెను. వేరొకదానిలో పాలు చిక్కబడునట్లు కాగవలెను. ముందు కషాయము పోసి, దానిపై పాలు పోసి యిత్తురు. పాలెక్కువ కావలెనన్నవారు 'పౌనా' యని యడుగుదురు.

దీనికి ఇరానీ చాయ్ అని పేరేగాని, ఇరాను దేశమున చాయ్ ఇట్లు త్రాగరు. అచ్చట పాలు కలుపరు. చక్కెరగడ్డ పంటి క్రింద బెట్టుకొని ఎఱ్ఱని కషాయమునే త్రాగుదురు. మరి యీ పాలెక్కడివి? పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను, యజ్దు మొదలగు ప్రాంతములనుండి కరవునకును మతపీడనమునకును తాళలేక కొందరు, బ్రతుకుతెరువు వెదకుచు కొందరు బొంబాయికి వచ్చిరి. వారిలో జరతుష్ట్ర మతస్థులును, మహమ్మదీయులును గలరు. బొంబాయినుండి పూనాకు, హైదరాబాదునకు వ్యాపించి, వీధిమూలల చాయ్ అంగళ్ళు పెట్టిరి. వారు తెచ్చినది కషాయము కాచు నేర్పు. ఇచ్చటివారు కోరినది చిక్కని పాలు. రెండును గలిసి నేటి చాయ్ అయినది.

అసలు హైదరాబాదునకు ఇరానువారు క్రొత్తవారు కారు. ఈ నగరమును నిర్మించునప్పుడు కుతుబ్‌షాకు కుడిభుజముగ నున్న మీర్ మోమిన్ ఇరానులోని ఆస్త్రాబాదువాడు. పారసీభాష చిరకాల మిచ్చటి దర్బారు భాష. బజారు, రుమాలు, పరదా యని మనము పలుకు మాటలు ఆ భాషనుండి వచ్చినవే.

మేమిదంతయు చెప్పగా విని, వదినగారు చాయ్ చేతబట్టుకొనియే, "వారికిని తల్లులుండిరి గదా! ఆ కాలమున ఆ తల్లులకు బిడ్డల యుత్తరమైన నందెడిదో లేదో!" యనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ తల్లుల మాట చరిత్రలో నెవ్వరు వ్రాసినారు?

ఆ రాత్రి కుమారుడు ఫోనులో మాటలాడినప్పుడు, ఎప్పుడు వచ్చెదవని నిత్యము నడుగు నామె, "ఉదయమున నెచ్చట తినుచున్నావు? పెట్టువా రెవరు?" అని యడిగిరి. అతడుండునది కాలిఫోర్నియా. వీధి చివర కాంబోడియా దేశపు కుటుంబ మొకటి డోనట్లు చేసి యమ్మునట. అవి నడుమ రంధ్రముగల తీపి గారెలవంటివి. 1975లో ఆ దేశము ఖ్మేర్ రూజ్ వారి చేతబడిన పిదప, ప్రాణములు దక్కించుకొని పోయినవా రెందరో కాలిఫోర్నియాలో ఈ వృత్తినే చేపట్టి నిలదొక్కుకొనిరి. పరీక్షల దినములలో ఆ యంగడి యజమానురాలు ఇతనికి డోనటొకటి యెక్కువగా పెట్టెడిదట. వదినగారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఆమెకు నా నమస్కార మని చెప్పుము, నాయనా" యనిరి. బెంగ తీరినదని మేమనము. కాని యా రాత్రి ఆమె కడుపునిండ అన్నము తినిరి.

హైదరాబాదులో ఇరానీ అంగళ్ళు పెక్కు మూతపడినవి. యజమానుల బిడ్డలు వేరు ఉద్యోగములకు పోవుచున్నారు, అద్దెలు పెరుగుచున్నవి. కావున చార్మినారు చూడబోవు సోదరీమణులు ఉదయమే బయలుదేరి, ఎండ ముదురకమున్నే యచ్చట చాయ్ త్రాగుడు. ఉస్మానియా బిస్కత్తులొక పొట్లము బిడ్డలకు తెండు; వారు తినుచుండగా ఇరాను ఎచ్చట నున్నదో పటములో చూపుడు. మీ వీధిలో పొట్టకూటికై దూరదేశమునుండి వచ్చిన స్త్రీ యెవతెయైన నున్నచో, ఆమె నొకనాడు పిలిచి పలుకరింపుడు. ఆమె తల్లియు నెచ్చటనో కూర్చుండి, నా బిడ్డ కెవ్వరున్నారని తలచుచునే యుండును.