నోరులేని రోగి

గినీ పంది పంది కాదు. గినీ దేశమునకును దానికిని సంబంధమును లేదు. ఎలుక, ఉడుత, ముండ్లపంది చేరిన కొరుకు జంతువుల తెగలోనిది అది. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఖండమందలి ఆండీస్ పర్వతప్రాంతము. పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశముల కొండవాసులు వేల యేండ్లుగా దానిని వంటయింటి మూలలలో, మనవారు కోళ్లను పెంచినట్లు, ఆహారము కొరకు పెంచుచున్నారు. వారు దానిని ‘కుయ్’ అందురు. అది దాని కూతను బట్టి వచ్చిన పేరని చెప్పుదురు. తెలుగువారి చెవికి ఆ మాట వింతగా తోచదు. పదునారవ శతాబ్దమున ఆ జంతువు ఓడలపై ఐరోపా చేరి, అచ్చటి సంపన్నుల యిండ్లలో ముద్దుల ప్రాణి యయ్యెను. పిమ్మట ప్రయోగశాలలలో ప్రవేశించెను. మన నగరములలో పిల్లలు కోరగా పెద్దలు దానిని కొనితెచ్చుట ఇటీవలి మాట.

అట్లు తెచ్చిన జంట యొకటి విజయవాడలోని యొక యింట పెరుగుచుండెను. ఆ యింట తల్లియు, పదమూడేండ్ల బాలికయు, ఉద్యోగము విరమించిన తాతగారును ఉండిరి. జంటలో రెండును ఆడవే. తెల్లనిదానికి మల్లి యనియు, గోధుమవన్నె మచ్చలు గలదానికి చిట్టి యనియు పేర్లు పెట్టిరి. మల్లిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. చిట్టి మాత్రము రెండేండ్లపాటు ఆ యింటి దినచర్యనంతయు తన చుట్టు త్రిప్పుకొనెను.

రోగమును దాచుకొనుట ఈ జాతి స్వభావము. కొండలలో దాని పూర్వులపై గ్రద్దలును నక్కలును కన్ను వేసి యుండెడివి. గుంపులో ఏది నీరసించినదో దానినే వేటజంతువు ముందుగా గురిచూచును. కావున నొప్పి యున్నను లేనట్లు మెలగినదే బ్రదికినది. కుక్కకు కాలు నొచ్చిన కుంటును. మనిషికి తల నొచ్చిన యిల్లంతయు వినబడునట్లు మూల్గును. గినీ పంది యట్లు చేయదు. దేహములో బాధ యున్నను అది కన్నులు తెరచుకొని మూలన కూర్చుండును. గిన్నెకడకు వచ్చి తినుచున్నట్లే కానవచ్చును. యజమానికి జబ్బు తెలియునప్పటికి తరచుగా అది ముదిరియే యుండును.

ఆ బాలికకు ప్రతి ఆదివారము ఉదయము వంటయింటి త్రాసుపై ఒక గిన్నె నుంచి, అందులో ఒక్కొక్కదానిని కూర్చుండబెట్టి తూచి, బరువును పుస్తకములో వ్రాయు అలవాటుండెను. పెరిగిన గినీ పంది సాధారణముగా 700 మొదలు 1,200 గ్రాముల వరకు తూగును. చిట్టి బరువు 940. ఒక వర్షాకాలమున ఆ అంకె వరుసగా 905, 870, 830 అని దిగజారెను. ఇంత చిన్న దేహమున 50 గ్రాములు తగ్గుట యనగా స్వల్పము కాదు. అప్పుడు మిగిలిన గుర్తులును ఒక్కటొక్కటిగా కంటబడెను. గడ్డము క్రింది బొచ్చు తడిగా నుండెను. మల్లి గరికపోచను చకచక నమలి లోనికి లాగుకొనుచుండగా, చిట్టి దానిని నోట పెట్టుకొని, కొంతసేపు దవడ లాడించి, జారవిడుచుచుండెను. కీరదోసముక్క యిచ్చిన మాత్రము తినుచుండెను. ఎరుగనివారికి అది గారాబమువలె తోచును.

పశువైద్యుడు సన్నని దీపపుగొట్టముతో నోటిలోనికి చూచి కారణము చెప్పెను. గినీ పందికి 20 దంతములుండును: ముందు 4, దవడలలో 16. ఇవన్నియు బ్రదికినంతకాలము పెరుగుచునే యుండును. గడ్డిని గంటల తరబడి నమలునప్పుడు ఆ పెరుగుదల అరుగుదలతో సరిపోవును. ఏ కారణముచేతనైనను ఈ లెక్క తప్పినచో, క్రింది దవడపళ్లు లోపలివైపునకు వాలి నాలుకమీదుగా వంతెనవలె పెరుగును; పైవి చెంపలను గుచ్చును. అప్పుడు ఆకలి యుండియు ఆ జంతువు మ్రింగలేదు. చిట్టి నాలుక అట్టి వంతెన క్రింద చిక్కియుండెను. మత్తు మందిచ్చి ఆ దంతములను అరగదీయవలెను. ఒకసారి వంకరపోయిన దంతము మరల తిన్నగా మొలచుట అరుదు గనుక, ఆరు లేక యెనిమిది వారముల కొకసారి ఆ పని చేయుచునే యుండవలెనని వైద్యుడు చెప్పెను. ఇంటివారు ఒక సీసా మందుతో మరలివత్తుమని వెళ్లినవారు. మరలి వచ్చునప్పటికి పంచాంగమంత పని నెత్తిన పడెను.

గరికపని తాతగారిది. కాలువగట్లమీద గరికకు కొదువ లేదు గాని, అచ్చట కుక్కలు తిరుగును. కలుపుమందులు చల్లుట కూడ కలదు. అందుచేత ఆయన మేడమీద పాత తొట్లలో గరిక నాటించి, ప్రొద్దుటిపూట కత్తెరతో కోసి, కడిగి, ఆరబెట్టి తెచ్చుచుండెను. ఎండుగడ్డి ఎప్పుడును గూటిలో నిండుగా నుండవలెను. ఈ జంతువు తిండిలో పెద్దపాలు గడ్డిదే. అన్నము, రొట్టె, బిస్కత్తు పనికిరావు. అవి కడుపు నింపును గాని పళ్లను అరగదీయవు. పైగా ప్రేగులను చెరచును. పాలకూర యందలి ఆక్సాలిక్ ఆమ్లము మూత్రాశయమున రాళ్లకు దారితీయవచ్చును గనుక అది నిత్యాహారము కాదు. ఉల్లి, వెల్లుల్లి అసలే కూడవు. ఇంటి ముంగిట నున్న గన్నేరు మొక్కను తాతగారు ఒక సాయంకాలము పెరికివేసెను. దాని ఆకు ఈ ప్రాణికి విషము.

ఇక ‘సి’ విటమిను సంగతి. కుక్క, పిల్లి, ఎలుక, ఆవు దీనిని తమ దేహములోనే తయారుచేసికొనును. మనిషియు గినీ పందియు చేసికొనలేరు. అది కొరవడిన ఉభయులకును చిగుళ్లు వాచి రక్తము కారును, దంతముల మొదళ్లు కదలును, కీళ్లు నొచ్చును. పూర్వము నెలల తరబడి సముద్రముపై నుండిన నావికులను చంపిన స్కర్వీ రోగ మిదియే. ఈ పోలికను కనుగొన్నవారు నార్వే శాస్త్రజ్ఞులు ఆక్సెల్ హోల్‌స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనువారు. వారు ఓడలవారికి వచ్చు బెరిబెరి వంటి వ్యాధిని పరిశీలింపగోరి గినీ పందులకు ధాన్యము మాత్రమే పెట్టిచూచిరి. బెరిబెరికి బదులు స్కర్వీ పుట్టెను. ఆ సంగతిని వారు 1907లో ప్రకటించిరి. ఎలుకలను ఎన్నుకొని యుండినచో వారికి ఏమియు కనబడియుండెడిది కాదు. 1932లో హంగరీ దేశమున సెంట్-గ్యోర్గి యను శాస్త్రజ్ఞుడు, స్విర్బెలీ యను సహాయకునితో కలిసి, తాను వేరుచేసిన పదార్థమును గినీ పందులపై పరీక్షించి, స్కర్వీని మాన్పునది అదియేనని తేల్చెను. పిమ్మట సెగెడ్ పట్టణపు ఎర్రని మిరపపండ్లనుండి దానిని సమృద్ధిగా తీసెను. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ప్రయోగశాలలలోని గినీ పందులకు వచ్చిన దేమో చరిత్రకారులు వ్రాయరు.

ఆ యింట చిట్టికి ప్రతిదినము లావుపాటి కూరమిరపకాయ ముక్కయు, కొత్తిమీరయు పెట్టుచుండిరి. జామపండులో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు మించి ఈ విటమిను కలదు గాని, చక్కెర కూడ నుండుటచేత చిన్నముక్క మాత్రమే యిచ్చుచుండిరి. కిలో బరువునకు దినమునకు 10 మొదలు 30 మిల్లీగ్రాములు చాలును. జబ్బుపడినదానికి ఇంకను ఎక్కువ కావలెను. విటమినును త్రాగునీటిలో కలుపుట మంచి పద్ధతి కాదు. నీటిలో అది త్వరలో చెడును, ఎంత త్రాగినదియు తెలియదు.

పళ్లు అరగదీసిన తరువాతి నాలుగైదు దినములు కష్టమైనవి. నోరు నొచ్చుటచేత చిట్టి తనంత తాను తినదు. గినీ పంది ప్రేగులలో ఆహారము ఎల్లప్పుడు కదలుచుండవలెను. ఒక పగలు రాత్రి కడుపు ఖాళీగా నున్నచో ప్రేగులు స్తంభించి, వాయువు నిండి, ప్రాణము మీదికి వచ్చును. అందుచేత గడ్డి బిళ్లలను నానబెట్టి, మెత్తని జావ చేసి, సూది లేని సిరంజితో పెట్టవలెను. తల్లి ఒక పాత తువాలులో దానిని చుట్టి ఒడిలో పెట్టుకొనగా, బాలిక పెదవి ప్రక్కనుండి మిల్లీలీటరు చొప్పున విడిచి, అది నమలి మ్రింగువరకు ఆగి, మరల విడుచుచుండెను. తొందరపడిన జావ ఊపిరితిత్తులలోనికి పోవును. రాత్రి పదకొండింటికి తల్లి, తెల్లవారుజామున తాతగారు, బడికి పోవుటకు ముందు బాలిక. ఇట్లు వంతులు వేసికొనిరి. ముద్ద ముద్దకు మ్రింగిన శబ్దము కొరకు చెవి యొగ్గి కూర్చుండు ఆ ముగ్గురిని చూచినచో, ఇంట చంటిబిడ్డ యున్నదని ఎవరైనను అనుకొందురు.

ఒకమారు పొరుగింటి పెద్దావిడ జాలిపడి, తన మనుమని జ్వరమునకు తెచ్చి మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రలను తెచ్చి యిచ్చెను. తల్లి వైద్యునికి ఫోను చేసి అడిగిన తరువాత వానిని మరల అప్పగించెను. మనుష్యులను కాపాడు పెన్సిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇచ్చినచో గినీ పంది ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను నశింపజేయును. వాని స్థానమున విషము పుట్టించునవి పెరిగి, కొలది దినములలో చంపును. పెన్సిలిన్ వాడుకలోనికి వచ్చిన క్రొత్తలోనే, 1943లో, శాస్త్రజ్ఞులు దీనిని గమనించిరి.

వేసవి మరియొక గండము. ఆండీస్ చలికి తగిన ఆ ఒంటికి 30 డిగ్రీలు దాటిన వడదెబ్బ భయము కలదు. విజయవాడ యెండ మే నెలలో 40 దాటును. వట్టివేళ్ల తెరలు కట్టి తడిపిరి. సీసాలో నీరు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, గూటిలో పెట్టిరి. రెండును దానికి చెరియొకవైపున ఆనుకొని పండుకొనుచుండెను. చిట్టిని వైద్యునికడకు కొనిపోయినప్పుడు మల్లిని కూడ బుట్టలో నుంచి తీసికొనిపోవుచుండిరి. తోడు లేనిచో రోగి మరింత ముడుచుకొనును. స్విట్జర్లాండు 2008లో చేసిన నియమావళిలో గుంపుగా బ్రదుకు ఇట్టి జంతువులను ఒంటరిగా పెంచరాదని విధించినది. ఆ యింటివారికి ఆ చట్టము సంగతి తెలియదు.

ఏడవసారి తేదీ దగ్గరపడినప్పుడు తాతగారు ఒక సాయంకాలము మనుమరాలిని పిలిచెను.

“అమ్మా, కుక్కకంటెను పిల్లికంటెను దీనికి మత్తు ప్రమాదమని డాక్టరే చెప్పెను గదా. ఎన్నిసార్లు దీని నట్లు పండబెట్టుదుము? ఇది దాని కొరకా, మన కొరకా?”

“డబ్బు కొరకు అడుగుచున్నావా, తాతయ్యా?”

“డబ్బు సంగతి మీ యమ్మ చూచుకొనుచున్నది. నేను అడిగినది వేరు.”

బాలిక వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న నిష్ఠురమైనదే గాని, తెల్లవారుజామున లేచి జావ పట్టిన చేతినుండి వచ్చినది. ప్రేమగలవారు అడుగరాని ప్రశ్న యనుట పొరపాటు. వారు గాక మరెవ్వరు అడుగుదురు?

మరునాడు ఆమె అదే మాటను వైద్యు నడిగెను. ఆయన నవ్వలేదు, పిల్ల యని తేలికచేయలేదు. “పుస్తకములో బరువు వ్రాయుచున్నావు, మంచిది. ఇకమీద మరి మూడు గడులు గీయుము. తనంత తాను గరిక పట్టినదా? జతతో తిరిగినదా? ఆకుల సంచి చప్పుడు విని కూసినదా? పళ్లు తీసిన వారము వదలివేసి తక్కిన దినములు చూడుము. ఆ మూడింటికిని లేదు, లేదు అని నీవే వ్రాయవలసివచ్చినప్పుడు నాతో చెప్పుము. అప్పుడు నొప్పి లేకుండ పంపుట కూడ వైద్యమే,” అని చెప్పెను.

బాలిక ఇంటికి వచ్చి గడులు గీసెను. తాతగారు కళ్లద్దములు పెట్టుకొని వానిని చూచి, గీతలు వంకరగా నున్నవని స్కేలు తెచ్చి యిచ్చెను.

ఏడవ అరగదీత జరిగెను. తరువాత మూడవ ఆదివారపు వరుస ఆ పుస్తకములో ఇట్లున్నది: బరువు 845. గరిక, ఆరు పోచలు, తానే. మల్లితో, తిరిగినది. కూత, రెండుసార్లు, ఒకటి సంచి చప్పుడునకు, ఒకటి తాతయ్య దగ్గునకు. ప్రక్క గడిలో తరువాతి తేదీ పెన్సిలుతో వ్రాసియున్నది.